తాళం సూది

ఎర్నాయుడు చనిపోయిన పదకొండో రోజు పొద్దున్నే నరసమ్మ చోడవరంలో మొదటి బస్సెక్కి, సబ్బవరంలో ఉన్న చెల్లెలి ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మా వీధి చివర వెల్డింగ్ షాపు ఎర్నాయుడు. తెలుసునా నీకు?"

డాక్టర్ నూకరత్నానికి తెలుసు. తను తయారుచేసిన షుగరు సూది వేయించుకున్న నాలుగు వందల పన్నెండు మందిలో అతనొకడు.

"పోయాడని విన్నాను" అంది.

"ఎలాగ పోయేడో విన్నావా?"

రత్నం తలుపు ఇంకాస్త తెరిచింది.

"హెర్నియా ఆపరేషనంట. ముందురోజు రాత్రినుంచి ఏటీ తినొద్దన్నారంట. పదిగంటలకి చేస్తామన్నోళ్లు మూడైనా పిలవలేదు. బెంచీ మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయేడు. గుండాగిపోయిందని కాగితం రాసిచ్చేరు."

"అక్కా, లోపలికి రా. కూర్చుని మాట్లాడుకుందాం."

"కూర్చోను. నువ్వు జవాబు చెప్పు." నరసమ్మ గొంతు అప్పటికే వీధిలోకి వినిపిస్తోంది. "ఎనిమిది నెలల కిందట మా ఇంటికొచ్చి ఏటన్నావు? 'అక్కా, ఒక్కపూట కూడా తిండి మానకు. ఉపవాసాలన్నీ కట్టిపెట్టేయ్. కొంగున ఎప్పుడూ బెల్లంముక్క ముడేసుకో. ఎందుకని మాత్రం అడక్కు' అన్నావు. చదువుకున్నదానివి కదా అని నేను అడగలేదు. ఆ మాట నాకెందుకు చెప్పేవే? నాకొక్కదానికే ఎందుకు చెప్పేవు?"

రత్నం ఇటూ అటూ చూసింది. ఎదురింటావిడ చీపురు పట్టుకుని ఆగిపోయి వింటోంది.

"నువ్వు మా అక్కవి కాబట్టి" అంది చివరికి, చాలా నెమ్మదిగా.

"ఎర్నాయుడికి అక్క లేదనుకున్నావా?"

నరసమ్మ కొంగు ముడి విప్పి బెల్లంముక్కని గుమ్మం మీద పడేసింది. ఇంకో మాట లేకుండా వెనక్కి తిరిగింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా రత్నం అక్కడే నిలబడింది. వెనకాల పరిగెత్తాలనిపించింది. పరిగెత్తి ఏం చెప్పాలో తెలియలేదు.

నరసమ్మ చోడవరం బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఆమె మాటంటే నమ్మకం. రెండేళ్ల కిందట రత్నం పనిచేసే మందుల సంస్థవాళ్లు షుగరు రోగులకి కొత్త సూది పరీక్షిస్తామని ఆ బడిలోనే శిబిరం పెట్టినప్పుడు మొదటిరోజు ఎవరూ రాలేదు. రెండోరోజు నరసమ్మ వెళ్లి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. "మా చెల్లెలు కనిపెట్టింది. భయం లేదు, రండి" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. అలా ఆమె వెంట వచ్చినవాళ్లు యాభై మందికి పైనే. ఎర్నాయుడు అందులో ఒకడు.

*

రత్నం పదమూడేళ్లు ఒకే ఒక్క జన్యువు మీద పనిచేసింది. కాలేయంలో చక్కెర తయారుచేసే ఎంజైము ఒకటుంది. ఆ ఎంజైము ఎంత పుట్టాలో ఆ జన్యువు నిర్ణయిస్తుంది. దానికి ఆ సంగతి చెప్పేవి రెండు, మనిషి తినే తిండి, రక్తంలో తిరిగే హార్మోన్లు.

మొదటి సంవత్సరంలోనే ఆమె దాన్ని కళ్లారా చూసింది. సగం ఎలుకలకి కడుపునిండా పెట్టేది. సగాన్ని ఒకరోజు పస్తుంచేది. పస్తున్న ఎలుకల కాలేయంలో ఆ జన్యువు పూర్తిగా తెరుచుకుని ఉండేది. రక్తంలో గ్లూకగాన్ అనే హార్మోను పెరిగి 'తిండి లేదు, చక్కెర తయారుచెయ్యి' అన్నందుకు. తిన్న ఎలుకల్లో ఇన్సులిన్ వచ్చి దాన్ని మూసేసేది. తర్వాత, తిన్న ఎలుకని ఓ ఇరుకు గొట్టంలో పెట్టి కాసేపు భయపెట్టేది. భయానికి పుట్టే హార్మోను వెళ్లి అదే జన్యువుని మళ్లీ తెరిచేది. పారిపోవడానికైనా, కలబడడానికైనా ఒంట్లో చక్కెర కావాలి కదా. షుగరు జబ్బున్న ఎలుకల్లో మాత్రం ఏం పెట్టినా, ఎంత పెట్టినా అది మూసుకునేది కాదు. ఇన్సులిన్ మాట దానికి వినపడేది కాదు. పైనుంచి తిండి, లోపలినుంచి కాలేయం, రెండూ కలిసి రక్తంలోకి చక్కెర పోస్తూనే ఉండేవి.

రత్నం ఆ జన్యువుకి ఒక తాళం తయారుచేసింది. కాలేయకణాల్లోకి వెళ్లి, సరిగ్గా ఆ ఒక్క జన్యువు మీద కూర్చుని, ఎవరేం చెప్పినా తెరుచుకోనివ్వని ఒక చిన్న అణువు. ఒక్క సూది చాలు. సంస్థ దానికి ఏదో సంస్కృతం పేరు పెట్టింది కానీ జనం తాళం సూది అనే పిలిచారు. వేయించుకున్న మూడు వారాలకే షుగరు దిగింది. ఇరవయ్యేళ్లుగా మందులు మింగుతున్నవాళ్లు మాత్రల డబ్బాలు అవతల పారేశారు. నరసమ్మ అరికాళ్ల మంటలు తగ్గాయి. "నీ చదువు ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది" అని ఆ ఏడు చెల్లెలికి చీర పెట్టింది.

ఆ తాళం ఆరునెలల్లో తనంత తానే కరిగిపోవాలి. అప్పుడు కావాలంటే మళ్లీ వేసుకోవచ్చు. రత్నం లెక్క అది.

అది కరగలేదు. సూది వేసిన పదహారో నెలలో పాత ఎలుకల కాలేయాన్ని పరీక్షించినప్పుడు తెలిసింది. కణాలు ఆ తాళాన్ని తమ సొంత గుర్తుగా రాసుకున్నాయి. కణం రెండుగా విడిపోతే కొత్త కణంలో కూడా అది ఉంది. ఇక ఎప్పటికీ ఉంటుంది. రత్నం ఆ ఎలుకల్లో పన్నెండింటికి సాయంత్రం తిండి ఆపింది. మామూలు ఎలుకలకి ఒకరోజు పస్తు ఒక లెక్క కాదు. పొద్దున్న వచ్చి చూసేసరికి పన్నెండూ బిగుసుకుపోయి పడున్నాయి. కాలేయంలో దాచుకున్న కాస్త చక్కెర అయిపోయింది. కొత్తది తయారుచేసుకునే దారి మూసుకుపోయింది.

ఆమె ఆ నోట్‌బుక్ పట్టుకుని డైరెక్టర్ ఫణిభూషణ్ గదికి వెళ్లింది. ఆయన రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టాడు.

"ఎలుకలకి పస్తు పెట్టారు కాబట్టి చచ్చాయి. మనుషులు రోజుకి మూడుసార్లు తింటారు డాక్టర్ రత్నం."

"అందరూ తినరు సార్. ఉపవాసాలుంటారు. జ్వరమొస్తే తినలేరు. వాంతులైతే..."

"మార్చిలో సమీక్ష ఉంది. పది రాష్ట్రాల్లో అనుమతి రావాలి. ఈలోగా ఇంకో విడత ఎలుకలతో చేసి చూడండి. తొందరపడి జనాన్ని బెదరగొడితే మంచి మందు మట్టి కొట్టుకుపోతుంది. అది మీరు తయారుచేసిన మందు, గుర్తుపెట్టుకోండి."

ఆ చివరి మాట ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది. 'ప్రతికూల ఫలితాలు లేవు' అన్న నివేదిక కింద ఆమె సంతకం చేసింది. ఆ ఆదివారమే చోడవరం వెళ్లి అక్కకి బెల్లం సంగతి చెప్పింది. నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్కరికి చెప్పింది.

*

అక్క గుమ్మంలోంచి వెళ్లిపోయిన రోజు రత్నం మళ్లీ ఫణిభూషణ్ ముందు నిలబడింది.

"అందరికీ ఉత్తరాలు రాద్దాం సార్. ఈ రోజే. నాలుగు గంటలకోసారి తినమని, ఆపరేషన్ అంటే ముందుగా మనకి చెప్పమని. అంతే కదా."

"గుండె ఆగి చనిపోయాడని ఆసుపత్రి రాసిచ్చింది. కాదని మనం ఎందుకు రాయాలి?"

"వాళ్లకి తాళం సంగతి తెలీదు కాబట్టి."

"ఎనిమిది నెలలుగా మీకు తెలుసని కూడా రాస్తారా ఆ ఉత్తరంలో?" ఆయన గొంతు పెంచలేదు. "నివేదికలో మొదటి సంతకం మీది. నాది దాని కింద ఉంది. జైలుకి కూడా అదే వరసలో వెళ్తాం. వెళ్లి పని చూసుకోండి."

ఆమె వెళ్లి పని చూసుకుంది. తర్వాత ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండేది ఆయన మాటకి కాదు, తను నిజంగానే వెళ్లి పని చూసుకున్నందుకు.

విషయం మాత్రం చోడవరంలో ఆగలేదు. నరసమ్మ ఊరుకోలేదు. సూది వేయించుకున్నవాళ్ల ఇళ్లకి వెళ్లి ఒక్కపూట కూడా తిండి మానొద్దని చెప్పింది. సగం మంది నమ్మలేదు. "సూది వేయించుకోమన్నదీ నువ్వే, ఇప్పుడు చచ్చిపోతారంటున్నదీ నువ్వే. ఏ మాట నమ్మాలి?" అన్నారు. అదే సమయానికి సంస్థ పత్రికలకి ఒక ప్రకటన ఇచ్చింది. కొందరు పుకార్లు పుట్టిస్తున్నారనీ, మందు పూర్తిగా సురక్షితమనీ, ఒక పూట భోజనం మానినంత మాత్రాన ఎవరికీ ప్రాణాపాయం ఉండదనీ.

ఆ ప్రకటన నరసమ్మ రెండుసార్లు చదివించుకుంది.

*

గురువారం పొద్దున్న తొమ్మిదిన్నరకి సంస్థ గేటు ముందు ఆమె చాప పరిచింది. ఆమెతో చోడవరం నుంచి ముప్ఫై నలభై మంది వచ్చారు. ఊళ్లో నర్సుగా పనిచేసే దమయంతి షుగరు చూసే మిషను తెచ్చింది. బడినుంచి తెచ్చిన నల్లబోర్డు గేటుకి ఆనించారు. ఫోన్లు పట్టుకున్న విలేకరులు ఇద్దరు ముగ్గురు చేరారు.

నరసమ్మ లేచి నిలబడి, గేటు లోపల ఉన్నవాళ్లకి కూడా వినపడేలా చెప్పింది.

"ఒక్కపూట తినకపోతే ఎవళూ చావరని పేపర్లో మీరే రాసేరు. నిన్న సాయంత్రం ఏడింటికి అన్నం తిన్నాను. ఇంక తినను. ఇక్కడే కూర్చుంటాను. గంటగంటకీ ఈ పిల్ల నా రక్తం చూసి బోర్డు మీద రాస్తాది. నాకేటీ కాకపోతే నా మాట అబద్ధం. మీ గేటు ముందు ముక్కు నేలకి రాసి పోతాను. అయితే మాత్రం మీరు చేసింది హత్య."

దమయంతి వేలు గుచ్చి చూసి బోర్డు మీద రాసింది. డెబ్భై నాలుగు.

రత్నానికి కబురు అందేసరికి పదకొండున్నర కావస్తోంది. ప్రయోగశాల కోటు విప్పకుండానే పరిగెత్తుకొచ్చింది. బోర్డు మీద మూడో అంకె అప్పుడే పడింది. యాభై ఎనిమిది.

"అక్కా, లే. ఏదైనా తిను. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఎందుకొచ్చేవు? ఎలకలైపోయేయా నీకు?" నరసమ్మ ముఖమంతా చెమట. జాకెట్టు తడిసిపోయి ఉంది. "చూడు. ఇక్కడ నిలబడి చూడు. రాసుకో."

"నువ్వు చచ్చిపోతావు."

"ఆ మాట నాకెందుకు చెప్తావు? నాకెప్పుడో చెప్పేవు కదా! వీళ్లకి చెప్పు!" నరసమ్మ అరిచింది.

"అరవకు అక్కా. కోపం తెచ్చుకోకు, దయచేసి."

కోపం వస్తే ఎవరి ఒంట్లోనైనా హార్మోన్లు పొంగి కాలేయానికి కబురు పంపిస్తాయి. కాలేయం చక్కెర వదులుతుంది. మనిషికి బలం వస్తుంది. నరసమ్మ ఒంట్లో కూడా ఆ కబురు వెళ్తోంది. అక్కడ జవాబిచ్చేది లేదు. అరిచిన ప్రతి అరుపుకీ ఉన్న కాస్త చక్కెరా ఖర్చైపోతోంది. ఆ సంగతి అక్కడున్నవాళ్లలో రత్నం ఒక్కతికే తెలుసు. పన్నెండు కాకుండానే దమయంతి మళ్లీ చూసింది. నలభై తొమ్మిది.

రత్నం లోపలికి పరిగెత్తింది. ఫణిభూషణ్ మేడమీద తన గది కిటికీ దగ్గర నిలబడి గేటు వైపే చూస్తున్నాడు.

"మీరు కిందికొచ్చి ఒప్పుకోండి సార్. ఆవిడ తింటుంది."

"ఎలాగూ తింటుంది. ఆకలి ఎవరినైనా దారికి తెస్తుంది."

"ఆవిడకి ఆకలి కూడా తెలీడం లేదు ఇప్పుడు. ఇంకో గంట దాటితే స్పృహ ఉండదు."

"అప్పుడు మీరే నోట్లో ఏదైనా పోయండి. మీ అక్కే కదా." ఆయన ఆమె వైపు తిరిగాడు. "మీరిప్పుడు గేటు దాటి నోరు విప్పితే ఇక లోపలికి రాలేరు. ఇక్కడే కాదు, ఏ ప్రయోగశాలలోకీ. మీ పదమూడేళ్లూ గేటు బయటే ఉండిపోతాయి."

రత్నం తన గదికి వెళ్లింది. బీరువాలోంచి ఎలుకల నోట్‌బుక్ తీసింది. సూది వేయించుకున్నవాళ్ల పేర్ల జాబితా తీసింది. మెట్ల దగ్గర కాపలావాడు అడ్డం వచ్చి, పైనుంచి ఫోనొచ్చిందనీ కాగితాలు బయటికి పోకూడదనీ అన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని కొరికింది. జీవితంలో ఎప్పుడూ ఎవరినీ కొట్టని మనిషి, పంటికింద ఉప్పగా తగిలేదాకా కొరికి, వదిలించుకుని గేటు బయటికొచ్చింది.

బోర్డు మీద నలభై ఒకటి ఉంది. నరసమ్మ దమయంతి భుజానికి ఆనుకుని కూర్చుంది. చూపు ఎక్కడా నిలవడం లేదు.

రత్నం ఫోన్ల ముందు నిలబడింది.

"నా పేరు నూకరత్నం. తాళం సూది తయారుచేసింది నేను. అది ఆరునెలల్లో పోతుందని మీకు చెప్పాం. పోదు. మీ ఒంట్లో జీవితాంతం ఉంటుంది. మీరు పదహారు గంటలు, పద్దెనిమిది గంటలు తినకపోతే మీ కాలేయం చక్కెర తయారుచెయ్యలేదు. ప్రాణం పోతుంది. ఎర్నాయుడు అలాగే చనిపోయాడు. ఇది నాకు ఎనిమిది నెలలుగా తెలుసు. డైరెక్టర్‌గారికీ తెలుసు. తెలిసీ ఇద్దరం సంతకాలు పెట్టాం."

జనంలోంచి ఒక ముసలామె ముందుకొచ్చి రత్నం ముఖం మీద ఉమ్మింది. "నా కొడుకు లారీ తోలతాడే! రాయ్‌పూర్ దాకా ఎల్తాడు. ఆడు ఏ వేళకి తింటాడో ఆడికే తెల్దు. నీ చేతులు పడిపోను!" వెనకనుంచి ఎవరో ఆమె కోటు పట్టుకుని లాగారు. గుండీలు తెగాయి. వీపు మీద దెబ్బ పడింది. రత్నం చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఒగ్గీండి దాన్ని" అంది నరసమ్మ. మాట ముద్దగా వచ్చింది. "పేర్లు చదవమనండి."

"నువ్వు తిను అక్కా. తిన్నాక చదువుతాను. అందరి పేర్లూ చదువుతాను."

"చదివేకే తింటాను. నీ మాట నమ్మను."

రత్నం జాబితా తెరిచి చదవడం మొదలెట్టింది. పేరు, ఊరు. పేరు, ఊరు. విలేకరులు ఫోన్లు దగ్గరికి జరిపారు. తమ పేరు వినిపించినవాళ్లు 'ఉన్నాను' అన్నారు. ఊళ్లో ఉండిపోయినవాళ్లకి కొందరు అక్కడినుంచే ఫోన్లు చెయ్యసాగారు. 'ఏమైనా తిన్నావా? ముందు తిను, తర్వాత చెప్తాను.' రత్నం ఎంత వేగంగా చదవగలదో అంత వేగంగా చదివింది. నూట ఆరో పేరు దగ్గర దమయంతి కేక వేసింది.

నరసమ్మ చాప మీదికి జారిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. దమయంతి సంచిలోంచి సూది తీసి తొడమీద పొడవబోయింది.

"గ్లూకగానా?" రత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. "అది పనిచెయ్యదు. అది వెళ్లి తెరవమనేది నేను మూసేసిన తలుపునే. గ్లూకోజ్ కావాలి. నరంలోకి."

సంస్థ లోపల గ్లూకోజ్ సీసాలు యాభై ఉన్నాయి. కాపలావాళ్లు గేటుకి గొలుసు వేసేశారు. అంబులెన్సు వచ్చేసరికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఈలోగా రత్నం అక్క చిగుళ్లకి తేనె రాస్తూ, తల పక్కకి తిప్పి పట్టుకుని కూర్చుంది. తేనె ఎవరు తెచ్చిచ్చారో ఆమె చూడలేదు. చివరికి అంబులెన్సులో, ముణుకుల మీద కూర్చుని, మూడోసారికి నరం దొరకబుచ్చుకుని గ్లూకోజ్ ఎక్కించింది.

*

నరసమ్మ బతికింది. ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులుంది. కుడిచెయ్యి సరిగ్గా పట్టు చిక్కలేదు. మాట నెమ్మదించింది. అన్నం గుండిగ దించే పని ఇక ఆమెవల్ల కాదని డాక్టర్లు చెప్పారు.

రత్నం మాటలు ఆ సాయంత్రానికే అన్ని ఊళ్లకీ చేరాయి. సర్కారు ఆ మందుని ఆపేసింది. సూది వేయించుకున్న ప్రతివాళ్లకీ మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. నాలుగు గంటలకోసారి తినమని, రాత్రి మధ్యలో లేచి కూడా తినమని. వెతికితే ఎర్నాయుడు కాక ఇంకా ముగ్గురు తేలారు. ముగ్గురికీ గుండె ఆగిందనే రాసి ఉంది. ఫణిభూషణ్ మీదా రత్నం మీదా కేసు పెట్టారు. ఆయన బెయిలు మీద హైదరాబాదు వెళ్లిపోయి, తనని కింది ఉద్యోగులు తప్పుదోవ పట్టించారని ప్రకటన ఇచ్చాడు. తాళాన్ని తీసే దారి మాత్రం ఎవరికీ దొరకలేదు. రత్నానికి ఒక ఆలోచన ఉంది కానీ ఆమెని ఏ ప్రయోగశాలా గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆ ఆలోచన అంతా కాగితాల మీద రాసి నాలుగు చోట్లకి పంపింది. ఒక్కచోటునుంచి అందిందని జవాబొచ్చింది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నరసమ్మ చెల్లెల్ని గదిలోకి రానివ్వలేదు. ఇంటికొచ్చాక రత్నం రెండుసార్లు వెళ్తే తలుపు తియ్యలేదు. నెల దాటాక తనే ఫోన్ చేసింది.

"రేపు పొద్దున్న రా. పోయినోళ్ల ఇళ్లకి ఎల్లాలి. ఎర్నాయుడి పెళ్లాం నిన్ను చూస్తానంది."

"వస్తాను అక్కా. నీ ఆరోగ్యం..."

ఫోన్ పెట్టేసింది.

ఎర్నాయుడి ఇంట్లో షాపు సామాన్లన్నీ వసారాలో ఓ మూలకి చేర్చి ఉన్నాయి. అతని భార్య చిట్టెమ్మ ముప్ఫై అయిదేళ్ల మనిషి. వచ్చిన ఇద్దరినీ కూర్చోమనలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి రత్నాన్ని కిందనుంచి మీదిదాకా చూసింది.

"నిన్ను తిట్టడానికి పిలవలేదు. నాకొక్క సంగతి తెలియాలి. డాక్టర్లని అడిగితే ఎవళూ సరిగ్గా చెప్పలేదు. నీకైతే తెలుస్తాదని."

"అడగండి."

"ఆ రోజు పన్నెండైంది. ఎప్పుడు పిలుస్తారో తెల్దు. ఒళ్లు వణుకుతోందన్నాడు. కళ్లు తిరుగుతున్నాయి, ఒక్క గుక్క టీ పొయ్యవే అన్నాడు. నా ఒళ్లో ఫ్లాస్కుంది. నాకోసం తెచ్చుకున్న టీ, పంచదారేసింది. ఏటీ ఇవ్వొద్దని నర్సు గట్టిగా చెప్పింది కదా. నేను ఇవ్వలేదు. ఆడు చెయ్యి చాపితే పక్కకి తోసేసేను. చిన్నపిల్లాడివేటి, కాసేపు ఓర్చుకోలేవా అని కసురుకున్నాను. అప్పుడు ఆ టీ ఇచ్చుంటే బతికీవోడా?"

రత్నం అక్క వైపు చూసింది. నరసమ్మ నేలవైపు చూస్తోంది. చెప్పడానికి అబద్ధం సిద్ధంగా ఉంది. ఆలస్యమైపోయింది, అప్పటికి ఇచ్చినా లాభం ఉండేది కాదు అంటే చాలు. కాదనేవాళ్లు లేరు. ఈ మనిషి ఈ రాత్రి కాస్త నిద్రపోతుంది. ఎనిమిది నెలలుగా తను చెప్పిన అబద్ధాలన్నిటికంటే ఇది దయగల అబద్ధం.

"బతికేవారు" అంది రత్నం. "అరగంటలో కోలుకునేవారు. కానీ అది మీకు తెలిసే అవకాశం లేదు. తెలిసిందాన్ని నేను. ఆ టీ ఆయనకి అందకుండా చేసింది మీ చెయ్యి కాదు."

చిట్టెమ్మ వసారా మూలలో ఇనపకడ్డీల మీద చెయ్యి వేసి పట్టుకుంది.

"అదంతా నాకు తెల్దు" అంది. "నా చెయ్యే తోసింది. నీ చెయ్యి తోసిందంటే నేనెలాగ ఒప్పుకుంటాను? కళ్లు మూసుకుంటే నా చెయ్యే కనిపిస్తాది నాకు. రోజూ కనిపిస్తాది." ఆమె తలెత్తింది. "మరెప్పుడూ ఈ గుమ్మం ఎక్కకు. నరసమ్మా, నువ్వు కూడా. ఆ సూదికి ఆడ్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది నువ్వే."

నరసమ్మ తల ఊపింది. "నేనే" అంది.

తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడైంది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఎండలో వీధిలోకి నడిచారు. నరసమ్మ కుడికాలు కొంచెం ఈడుస్తోంది. గతుకు దగ్గర తూలితే రత్నం చెయ్యి అందించింది. నరసమ్మ ఆ చెయ్యి తీసుకోలేదు. పక్కనున్న గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"అబద్ధం చెప్పాల్సిందా అక్కా?"

"నన్నడక్కు."

"తెలీక అడుగుతున్నాను."

"తెలీకపోతే తెలీకుండానే ఉండు. నేను క్షమించేసేను అనుకుంటున్నావేమో, లేదు. ఎప్పటికీ అవదు. నువ్వు చెప్పకపోతే ఇంకెవళూ చెప్పరు కాబట్టి పిలిచేను." నరసమ్మ గోడ వదిలి మళ్లీ నడవడం మొదలెట్టింది. ఒక్కో మాటా కూడదీసుకుంటోంది. "రెండోవాడిది ఏ ఊరు?"

"దేవరాపల్లి."

"బస్సు పన్నెండింటికుంది" అంది నరసమ్మ. "బేగి నడు."